తప్పనిసరి ఈత

ఆ యూనివర్సిటీలో ఏ చదువు చదివినా సరే, పట్టా చేతికి రావాలంటే ఈతకొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి ఈదాల్సిందే. అందరికీ అన్నీ కాస్తో కూస్తో తెలిసి ఉండాలని పెద్దలు పెట్టిన జనరల్ పాఠాల్లో అదొకటి. మిగతావన్నీ ఉఫ్ అని ఊదేసిన మెడల్‌బాబు దీన్ని మాత్రం ఆఖరి సెమిస్టర్ దాకా వాయిదా వేస్తూ వచ్చాడు. ఎప్పుడూ మొదటి ర్యాంకు అతనిదే కాబట్టి స్నేహితులు పెట్టిన పేరది. వచ్చే నెలలో అతను పరిశోధనలో చేరాలి. పట్టా లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

కొలను ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, లోపల తడిజుట్టు తుడుచుకుంటున్న అమ్మాయికి తన గోడు చెప్పుకున్నాడు.

"నా సబ్జెక్టే నీళ్ళండి. నీటి ప్రవాహాల మీద ఇన్నేళ్ళు చదివాను. నాకు మినహాయింపు ఇవ్వచ్చు కదా?"

"మీకు నీళ్ళ గురించి తెలుసు, సరే. నీళ్ళకి కూడా మీ గురించి తెలియాలి కదండీ."

ఆమె ఈత కోచ్ గారి కూతురు. హిస్టరీ విద్యార్థిని. పొద్దుటిపూట తండ్రికి సాయంగా ఈత నేర్పుతుంది.

"అసలు చదువుకీ ఈతకీ సంబంధం ఏంటండీ?" అన్నాడు ఉక్రోషంగా.

"హిస్టరీ చదివే నా చేత స్టాటిస్టిక్స్ చదివించారు. బోరుమని ఏడ్చాను. చచ్చీ చెడీ పాసయ్యాను. రేపు పొద్దున్నే రండి. ఏడుపొస్తే నీళ్ళలోనే ఏడవండి, ఎవరికీ కనపడదు."

మర్నాడు నడుంలోతు నీళ్ళలో నిలబడి మెడల్‌బాబు ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఊపిరి నిండా పీల్చుకుంటే మనిషి నీటికంటే తేలిక. కాబట్టి తేలి తీరాలి."

"అయితే తేలండి."

గుండ్రాయిలా మునిగాడు. లేచి, దగ్గి, కాళ్ళ కోణం తప్పిందన్నాడు. మళ్ళీ మునిగాడు. ఈసారి తప్పు కొలనుదన్నాడు. పక్క వరుసలో హాయిగా ఈదుకుంటూ వచ్చిన ఓ బామ్మగారు ఆగి, "కాస్త పక్కకి జరిగి మునుగు నాయనా, దారికి అడ్డం" అని వెళ్ళిపోయింది.

ఇదే తంతు రోజూ నడిచింది. ఓ పొద్దున అతను గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"క్లాసులో వెనకబడినవాళ్ళని చూసి, ఇంత చిన్న విషయం ఎందుకు రాదా అని నవ్వుకునేవాణ్ణండి. నిజంగానే రాదు," అన్నాడు.

"జనరల్ పాఠాలు అందుకే పెట్టారేమో. మనకి చేతకాని చోట కూడా కాసేపు నిలబడాలని. స్టాటిస్టిక్స్‌తో నాకు తెలివైతే రాలేదు గానీ, బుద్ధొచ్చింది. పదండి, వెల్లకిలా పడుకోండి. ఏమీ లెక్కెయ్యద్దు. మెడ కింద నా చెయ్యి ఉంటుంది."

పడుకున్నాడు. పైన ఆమె ముఖం తలకిందులుగా కనిపిస్తోంది. అలా కూడా బాగుందే అనుకుంటూ లెక్కలు మరిచిపోయాడు. కాసేపటికి ఆమె రెండు చేతులూ పైకెత్తి చూపించింది. తన మెడ కింద ఏ చెయ్యీ లేదని, తను తేలుతున్నాడని అతనికి అప్పుడు తెలిసింది. తెలిసిన మరుక్షణం మునిగాడు.

పరీక్ష రోజు కోచ్ గారు ఈల మెడలో వేసుకుని నిలబడ్డారు. గట్టు ముట్టుకుంటే ఫెయిల్. మెడల్‌బాబు సగం దూరం ఎలాగో ఈదాడు. అక్కడ ఊపిరి అందలేదు. చెయ్యి గట్టు వైపు వెళ్ళింది. గట్టు మీద అతని వెంటే నడుస్తున్న అమ్మాయి ఆగిపోయింది. అతని బదులు తనే ఊపిరి బిగబట్టింది. అది చూసి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వెల్లకిలా తిరిగి, ఊపిరి తీసుకుని, కాళ్ళు ఆడించుకుంటూ మెల్లగా అవతలి గోడ చేరాడు.

"పాస్," అన్నారు కోచ్ గారు. "దాన్ని ఈత అనలేను గానీ, పాస్."

అమ్మాయి గట్టు అంచున గొంతుక్కూర్చుంది. "ఇక రేపట్నుంచి మీరు రానక్కర్లేదు," అంది. నవ్వుతూ అందామనుకుంది, నవ్వు రాలేదు.

ఈ మాట కోసమే అతను ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు. తీరా విన్నాక ప్రాణం ఉసూరుమంది.

"వస్తాను," అన్నాడు.

"ఎందుకు? తప్పనిసరి పాఠం అయిపోయిందిగా."

"తప్పనిసరై కాదండి. ఇష్టమై."

"ఈతంటేనా?"

"నీళ్ళంటే నాకిప్పటికీ భయమేనండి."

ఆమె తువ్వాలు మడత విప్పింది, మళ్ళీ మడిచింది. ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

"అయితే పొద్దున కాదు," అంది చివరికి. "సాయంత్రం రండి. పొడిబట్టల్లో."

కోచ్ గారు మెడలోంచి ఈల తీస్తూ, ఇటు తిరక్కుండానే అన్నారు. "పొడిబట్టల్లో అయితే ఇక్కడికెందుకమ్మా, ఇంటికే రమ్మను. మీ అమ్మ కూడా చూస్తుంది."