పైమూత లోపలి తేదీ

మధ్యాహ్నం 12.20. దొంగతనం జరిగిందంటున్న అల్మరాలో కెమెరా ఉంది. కాకపోతే అది అసలుది కాదు.

ఇన్‌స్పెక్టర్ తలుపు మూయించింది. కిటికీ లేని గది. తేమ తగిలితే లెన్సులకు బూజు పడుతుందని, ఈ కెమెరాలన్నీ పోగేసిన పెద్దాయన గాలిని కూడా లోపలికి రానివ్వడు. చుట్టూ పాత ఫిల్మ్ కెమెరాలు, మధ్యలో నలుగురు మనుషులు. ఆమెకే ఊపిరాడడం లేదు. ఇక బేడీలు పడబోయేవాడి సంగతి చెప్పక్కర్లేదు.

అతను కెమెరా మెకానిక్. అందరూ భూతద్దం అంటారు.

"సోమవారం రిపేరుకిచ్చాను. గురువారం తెచ్చిచ్చాడు," అన్నాడు పెద్దాయన. "మ్యూజియానికి ఇద్దామనుకున్నా. పొద్దున తొమ్మిదింటికి వాళ్ల ఎక్స్‌పర్ట్ లెన్స్ తీసి చూసి, డూప్లికేట్ అన్నాడు."

"మధ్యలో ఇంకెవరు ముట్టుకున్నారు?"

"మా అల్లుడు. నిన్న దీనికి ఫొటోలు తీయించడానికి గంటసేపు తీసుకెళ్లాడు."

అల్లుడు అందుకున్నాడు. "నాకు దాంట్లో ఫిల్మ్ ఎటు పెట్టాలో కూడా తెలీదు మేడమ్."

"నేనే మార్చాను," అన్నాడు భూతద్దం. "రాసుకోండి."

"అసలుది ఎక్కడుంది?"

"అమ్మేశాను."

"ఎవరికి?"

"పేరు గుర్తులేదు."

"ఎప్పుడు?"

"బుధవారం. కాదు, మంగళవారం."

జైలుకెళ్లడానికి ఇంత తొందరపడే దొంగను ఇరవయ్యేళ్ల సర్వీసులో ఆమె చూడలేదు. పాపం, అబద్ధమాడడం కూడా చేతకాని మనిషి.

ఆమె కెమెరాను బల్లమీద పెట్టింది. "పదింటికి మీ షాపు సోదా చేశాను. అక్కడ విప్పిపెట్టిన ప్రతి కెమెరాకీ పైమూత లోపల సూదితో గీసిన తేదీ ఉంది. పక్కన అదేం కెమెరానో, ఏం బాగుచేశారో కూడా ఉంది. దీని పైమూత ఎక్స్‌పర్ట్ విప్పలేదు. మీరు విప్పండి."

భూతద్దం కెమెరా మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు మేడమ్. ఒప్పుకున్నాను కదా. తీసుకెళ్లిపోండి."

"విప్పండి."

తప్పించుకునే దారి లేదు. నాలుగు స్క్రూలు తీయడానికి ఆరు నిమిషాలు పట్టింది. కళ్లు మూసుకుని చేయగల పని అది.

మూత లోపల రెండు తేదీలు. కింది గీత కొత్తగా మెరుస్తోంది, ఈ బుధవారంది. పైది ఎండిపోయిన నూనె జిడ్డు కింద ఉంది. ఆమె గుడ్డతో తుడిచి పైకి చదివింది. పదకొండేళ్ల కిందటి తేదీ. పక్కన ఒక్క మాట: డూప్లికేట్.

"కెమెరా మార్చిన దొంగ, ఇది డూప్లికేట్ అని తన చేత్తోనే లోపల గీసిపెట్టుకోడు. ఎవరూ ఏదీ మార్చలేదు. పదకొండేళ్ల కిందట మీరు కొన్నదే ఇది. ఈయన పనిలో అబద్ధం రాయలేదు, మీకు నిజం చెప్పలేదు. అంతే."

పెద్దాయన ఆ మూతను చేతిలోకి తీసుకున్నాడు. "చెప్పలేదేంరా?"

"కొన్న మర్నాడే తెచ్చావన్నా. నా బతుకులో చేసిన ఒకే ఒక్క తెలివైన పని ఇదేరా అన్నావు. నోరు రాలేదు."

"ప్రతి ఆదివారం నీ ముందు దీని గొప్పలు చెప్పుకున్నాను. నువ్వు తలూపుతూ, లోపల జాలిపడ్డావన్నమాట."

"జాలి కాదన్నా."

పెద్దాయన అతని వైపు చూడలేదు. మూతను బల్లమీద బోర్లించాడు. "కంప్లైంట్ వెనక్కి తీసుకుంటాను మేడమ్," అన్నాడు. తర్వాత మెల్లగా, "నువ్వు దొంగవైనా బాగుండేదిరా," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ తలుపు బార్లా తీసి, ఇక వెళ్లచ్చని చెప్పింది. భూతద్దం కుర్చీలోంచి లేవలేదు.