దుర్భిణిలో కనిపించిన చెయ్యి

"ఒసే హెప్సీ, ఆ దుర్భిణి కంటికి అంత ఆనించకే! కన్ను పోతాది! మేడ మీంచి పడిపోనా పోతావు!" అమ్మ కింది నుంచి అరుస్తూనే ఉంది.

"ఏటీ కాదులేమ్మా!"

అది షాలిమార్ రైల్వే యార్డులో పనిచేసిన తాతయ్య ఇచ్చిన బుల్లి ఇత్తడి దుర్భిణి. లాగితే పొడుగవుతుంది. కలకత్తా పక్కన వాళ్లుండే లిలువా రైల్వే క్వార్టర్స్‌లోని బెంగాలీ పిల్లలు దాన్ని 'దూర్‌బీన్' అంటారు. బళ్లో సార్ టెలిస్కోప్ అన్నారు. ఎవరేమన్నా హెప్సీకి మాత్రం దుర్భిణే.

దాన్ని ఎదురు బ్లాకు వైపు తిప్పింది. చిన్న గుండ్రంలో ఒక కిటికీ, కిటికీలో తన ఫ్రెండ్ బ్లెస్సన్. వాడి చెయ్యి సిలువ గీసిన డబ్బాలో ఉంది!

హెప్సీ అద్దం తుడిచి మళ్లీ చూసింది.

రోజూ అన్నం వండేముందు అమ్మలు ఆ డబ్బాలో గుప్పెడు బియ్యం వేస్తారు. ఆదివారం చర్చికిస్తే, లేనివాళ్లకు వండి పెడతారు. ఆ బియ్యం ఎవరూ ముట్టుకోరు. బ్లెస్సన్ మాత్రం గుప్పెళ్లతో తీసి పళ్లెంలో పోసుకుంటున్నాడు!

మర్నాడు సండేస్కూల్లో అందరి ముందూ అనేసింది. "బ్లెస్సన్ దేవుడి బియ్యం తీసేశాడు! నా కళ్లతో చూశాను!"

వెనక నుంచి ఎవరో "బియ్యం దొంగ!" అన్నారు. బ్లెస్సన్ ముఖం పాలిపోయింది. లేచి వెళ్లిపోయాడు.

అంతలోనే వాళ్లమ్మ సువర్ణ డబ్బా మోసుకొచ్చింది. నిండుగా ఉంది.

"పురుగు పట్టింది టీచరుగారూ. పురుగులన్నం పెడతామేటి అని మావోడు నిన్నంతా కూకుని ఏరినాడు. ఏడీ ఆడు?"

దుర్భిణిలో చెయ్యి కనిపించింది. పురుగులు కనిపించలేదు.

హెప్సీ లేచి నిలబడింది. "బ్లెస్సన్ దొంగ కాదు. నేనే తప్పు చెప్పాను."

సాయంత్రం దుర్భిణిని అలమారలో పెట్టి చెప్పులేసుకుంది.

"బ్లెస్సన్ వాళ్లు తలుపు తియ్యకపోతేనో? తిట్టి పంపేస్తేనో?" అమ్మ కంగారు పడింది.

"తిడితే పడతానమ్మా."

బ్లెస్సన్ వాళ్ల బ్లాకు మెట్ల మీద కూర్చుని ఇంటి బియ్యం ఏరుతున్నాడు.

"తప్పయిపోయిందిరా. అందరికీ చెప్పేశాను."

వాడు తలెత్తలేదు. లోకల్ ట్రైను పెద్ద చప్పుడుతో వచ్చి, వెళ్లిపోయింది. హెప్సీ పక్కనే కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది. వెలుగు తగ్గుతోంది. ఇక జన్మలో మాట్లాడడేమో అనుకుంటూ, నల్లగా ఉన్నదేదో తీసి పారేయబోయింది.

"అది పురుగు కాదే, నల్ల గింజ," అన్నాడు బ్లెస్సన్. "దగ్గరగా సూడు."