అరచేత్తో నిమిరిన నేల

ఆ ఇంట్లో తెల్లవారిందంటే కుట్టుమిషను చప్పుడుతోనే. ఆ రోజు మిషను పలకలేదు. కోడలు పాలు పొయ్యి మీద పెట్టింది. దేవుడికి దండం పెట్టుకుని, అత్తగారికి ఒంట్లో బాగాలేదేమోనని ముందుగదిలోకి తొంగిచూసింది. చేతిలోని గరిటె జారి కిందపడింది.

మిషను ముందు, అత్తగారి స్టూలు మీద, ఎలుగుబంటి కూర్చుని ఉంది. మెడలో ఆవిడ కొలతల టేపు. తాడుకి వేలాడుతున్న కళ్ళజోడు.

ఆమె అరిచిన అరుపుకి భర్త పరుగెత్తుకొచ్చి, చూసి, తలుపు లాగి గొళ్ళెం పెట్టేశాడు. అతను కటింగు మాస్టరు. ఎంత ఖరీదైన గుడ్డ మీదైనా చెయ్యి వణకని మనిషి. ఇప్పుడు ఆ గొళ్ళెం మూడోసారికి గానీ పడలేదు.

"ఆ టేపు చూశారా? అత్తయ్యేనండీ!"

"టేపు వేసుకుంటే అమ్మైపోతుందా? అమ్మని ఏం చేసిందో అది!"

"చేస్తే రక్తం కనబడదూ?"

అతను గొళ్ళెం మరోసారి లాగి చూసుకున్నాడు.

ఈలోగా పెరటి తలుపు తోసుకుని పక్కవాటా ఆవిడ వచ్చింది. వీళ్ళ చొక్కాలకి కాజాలు కుడుతుంది కాబట్టి అందరికీ కాజాల పిన్ని. సంగతి విని గుండె మీద చెయ్యి వేసుకుంది.

"మొన్న నువ్వే అన్నావు కదే, మా అత్త ఎలుగుబంటిలా మీద పడుతోందని! తథాస్తు దేవతలు విన్నట్టున్నారు తల్లీ."

కోడలు అన్న మాట నిజమే. అప్పుడే పాకడం నేర్చిన తన పిల్లని నేల మీదికి దింపబోతే చాలు, అత్తగారు "ఆగు!" అని గయ్యిమనేది. మోకాళ్ళ మీద కూర్చుని గదంతా అరచేత్తో నిమిరితే గానీ దింపనిచ్చేది కాదు. చీపురు సూది మీద నుంచి జారిపోతుంది, చెయ్యి జారదు అనేది. అదంతా కోడలికి చాదస్తంలా తోచేది.

పిన్ని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. భర్త ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చాడు.

"జంతువుల్ని పట్టేవాళ్ళు వస్తున్నారు. లొంగకపోతే కాల్చేస్తారట."

"అత్తయ్యనా?"

"మరేం చెయ్యమంటావు? పిల్లని తీసుకెళ్ళి దాని ఒళ్ళో కూర్చోబెడతావా?"

ఆమె తలుపు సందులోంచి చూసింది. ఎలుగుబంటి స్టూలు దిగింది. నేలకి ముక్కు ఆనించి, ఒక మూల నుంచి మెల్లగా కదులుతోంది. బుసలు కొడుతోంది.

"నిన్న పిల్ల పాకిన చోటే వాసన చూస్తోంది," అన్నాడతను గొంతు తగ్గించి. "పెద్ద కత్తెర లోపలే ఉండిపోయింది. తలుపు పక్కనేగా, తీసుకొచ్చేస్తాను."

గొళ్ళెం తీస్తుండగానే పాలు పొంగిన చప్పుడైంది. కోడలు పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. అతను లోపలికి చెయ్యి చాచాడు. వెనక చాప మీదున్న పిల్ల, తండ్రి కాళ్ళ సందులోంచి చకచకా ముందుగదిలోకి పాకిపోయింది.

ఎలుగుబంటి గర్జించింది. ఒక్క దూకులో వచ్చి పిల్ల మొహానికి ఎదురుగా నేల మీద పంజా చరిచింది.

అతను చేతికందిన గజంబద్ద తీసుకుని దాని వీపు మీద బాదాడు. మళ్ళీ బాదాడు. అది మూలిగింది గానీ పంజా ఎత్తలేదు. కోడలు వచ్చి పిల్లని లాక్కుని గోడకి అతుక్కుపోయింది. అప్పుడు కనబడింది, పంజా కింద నుంచి పాకుతున్న రక్తం, దానితోపాటు బయటికి వచ్చిన ఎర్రదారం కొస.

"ఆగండి! కొట్టకండి! ఆ సూది నాది!"

నిన్న సాయంత్రం పిల్ల గౌను అంచు కుడుతుంటే పడిపోయిన సూది. చీపురుతో ఊడ్చింది, దొరకలేదు. చెబితే అత్తగారి నోట్లో పడాలని చెప్పకుండా ఊరుకుంది.

పిల్లని భర్త చేతికిచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. వేడి ఊపిరి మెడకి తగులుతోంది. కళ్ళెత్తితే కోరలు కనబడతాయని కళ్ళెత్తలేదు.

"అత్తయ్యా... చెయ్యి ఇవ్వండి."

బరువైన పంజా ఆమె అరచేతిలోకి వచ్చింది. సూది లోతుగా దిగి ఉంది. ఆమె లాగింది. ఎలుగుబంటి ఒళ్ళంతా అదిరింది, గోళ్ళు మాత్రం ఆమె చేతికి తగల్లేదు.

అంతటితో అది ఆగలేదు. కుంటుతూనే మంచం పక్కన మిగిలిన నేలంతా రెండో పంజాతో నిమిరింది. తరువాత గోడవారకి జరిగి కూర్చుని, పిల్లవైపు చూసింది.

రోజూ అంతే. పని అయ్యాక అత్తగారు అక్కడే కూర్చునేది, "ఊఁ, ఇక దింపు" అనేది.

వీధి తలుపు దబదబ బాదారు. "ఎలుగుబంటి ఉందన్నారు, ఎక్కడండీ?"

అతను పిల్లని భార్యకిచ్చాడు. చేతిలోని గజంబద్దని చూసుకుని, అది కిందపెట్టి, తలుపు తియ్యకుండానే పలికాడు.

"పొరపాటు పడ్డానండి. లోపలున్నది..." వెనక్కి తిరిగి గోడవారకి చూశాడు. "మా అమ్మండి."

ఈ రూపం ఎందుకిచ్చావని కోడలు మనసులోనే దేవుణ్ణి అడిగింది. జవాబు రాలేదు. భయమూ పోలేదు. అయినా పిల్లని నేల మీదికి దింపింది.