ఉడకబెట్టిన రహస్యం

“నక్షాలు ఏడు. తీసుకురావాలి. చూడకూడదు,” అన్నాడు కల్నల్ ఫెదర్‌స్టన్.

మిగతా మాట ఏదైనా ఉంటుందేమోనని ఏజెంట్ బేసిల్ క్రాంప్టన్ కాసేపు ఆగాడు. లేదు. అంతే.

“చూడకుండా గుర్తుపట్టేదెలా సార్?”

“వాటిని చూసే అనుమతి నీకు లేదు. నాకూ లేదు. ఉన్నవాళ్ళంతా చచ్చిపోయారు.”

అది 1976 వేసవి. నెలల తరబడి చినుకు లేక ఇంగ్లండు అప్పడంలా ఎండిపోయి ఉంది. లండన్‌లోని సెక్షన్ తొమ్మిది ఆఫీసులో కిటికీలు తెరవడం నిషిద్ధం. కల్నల్ చెమట తుడుచుకుని బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“యుద్ధకాలంలో ఆర్థర్ పెల్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. జలాంతర్గాముల చప్పుడు వినే యంత్రాలను మన తూర్పు తీరంలో సముద్రం అడుగున పెట్టించాడు. ఏది ఎక్కడుందో చూపేవి ఆ నక్షాలు. ఈమధ్య కొత్త యంత్రాలను కూడా ఆ పాత చోట్లలోనే దింపాం.”

“ఖర్చు కలిసొస్తుందనా?”

“సంప్రదాయం మీద గౌరవంతో,” అన్నాడు కల్నల్ ముభావంగా. “1944లో నక్షాలు కాల్చెయ్యమన్నారు. కాల్చేశానని పెల్ సంతకం పెట్టాడు. ఈ ఏడాదే పోయాడు. పోతూ కూతురికి ఒక రేకు పెట్టె రాసిచ్చాడు. నిండా ‘అతి రహస్యం’ ముద్రలే. ఆవిడ పేరు హేజల్ బ్రూవర్. వచ్చి పట్టుకెళ్ళండి మొర్రో అని సంబంధిత శాఖకి ఐదు ఉత్తరాలు రాసింది. అలాంటి పత్రాలు లేనే లేవని ఐదుసార్లూ జవాబిచ్చారు. ఉన్నాయని ఎక్కడైనా నోరు జారితే పద్నాలుగేళ్ళు జైలని కూడా రాశారు.”

“భేష్.”

“ఆ ఉత్తరాలు మనవాళ్ళు ఒక్కరూ చదవలేదు. అవతలి దేశం వాళ్ళు చదివారు. ఆదివారం సాయంత్రానికి నక్షాలు దొరక్కపోతే, ఆవిడే వాళ్ళకి అమ్మేసిందనుకుని అరెస్టు చేస్తాం. నాలుగు నెలల పసిపిల్ల ఉంది, కాబట్టి త్వరగా కానివ్వు. ఆవిడ ఉండే సాల్ట్‌బీలో మనవాళ్ళు ఇద్దరున్నారు. చర్చిలో గంట కొట్టే స్టబ్స్, ఫొటోగ్రాఫర్ ఇలోనా. గుర్తు మాట: ‘వాన పడేలా లేదండీ.’ జవాబు: ‘మా గులాబీల గతి ఏం కాను?’”

సాల్ట్‌బీ స్టేషన్లో దిగగానే కూలీ బేసిల్ పెట్టె అందుకుని, “వాన పడేలా లేదండీ,” అన్నాడు.

“మా గులాబీల గతి ఏం కాను?” అన్నాడు బేసిల్ గొంతు తగ్గించి.

కూలీ కళ్ళు చెమ్మగిల్లాయి. తన గులాబీల కథ మొదలుపెట్టి బస్టాండు దాకా వదల్లేదు. బస్సులో కండక్టరు అదే మాట అన్నాడు. మాంసం కొట్టాయనా, పోస్టాఫీసు అమ్మా అదే అన్నారు. సాయంత్రమయ్యేసరికి ఊళ్ళో సగం మందికి బేసిల్ తన ఆనవాలు చెప్పేసుకున్నాడు. ఇంగ్లీషు ఊళ్ళో వాతావరణం మీద గుర్తు మాట పెట్టిన మేధావి ఎవడో గాని, వాణ్ణి ఈ ఎండలో నిలబెట్టి రోజుకి వెయ్యిసార్లు ఆ మాట చెప్పించాలనిపించింది.

అసలు ఇలోనా ఆ మాట అననేలేదు. అంచు వెడల్పు టోపీ, మెడలో ముత్యాలు, ఎర్రటి పెదవులు. సముద్రపు ఒడ్డున తిన్నగా వచ్చి పక్కన కూర్చుంది.

“ఆ గోల మనకొద్దు బేసిల్. నీ బూట్లు చూసే పట్టేశాను. వాళ్ళు ఆదివారం నాడు పెట్టె ఎత్తుకుపోతారని కబురు. నువ్వు పెట్టె మీదే కన్నేసి ఉంచు.”

బేసిల్ పెట్టుడు మీసంతో, ఆర్థర్ పెల్‌కి వరసకి తమ్ముడినంటూ హేజల్ ఇంట్లో దిగాడు. హేజల్‌కి ముప్పై రెండేళ్ళు. భర్త సరుకుల ఓడలో ఎక్కడో ఉన్నాడు. పిల్లని చంకనేసుకుని, బాబాయ్ వచ్చాడన్న సంబరంతో ఆమె పెట్టె చూపించింది.

“ఇదిగో బాబాయ్, నా ఆస్తి. తాకితే జైలు, పారేస్తే జైలు, ఇస్తానంటే తీసుకునే నాథుడు లేడు. నాన్న నామీద ఇంత కక్ష ఎందుకు కట్టాడో!”

శనివారమంతా బేసిల్ ఆ పెట్టె గాలించాడు. లెక్కల కాగితాలు కొల్లలు. నక్షాల పేర్లు రాసిన అట్ట కవర్లు ఏడూ ఉన్నాయి. ఏడూ ఖాళీ. చేతి గడియారంలోని సూక్ష్మదర్శినితో ప్రతి మూలా వెతికాడు, గోడలు తట్టి చూశాడు, పొగగొట్టంలో తల దూర్చి మీసం పోగొట్టుకున్నాడు. రేపు సాయంత్రం ఈ అమ్మాయిని పోలీసు బండి ఎక్కించాలి. అది తలుచుకున్నప్పుడల్లా చూసిన మూలనే మళ్ళీ చూశాడు.

వంటింట్లో హేజల్ పిల్ల బాప్తిస్మపు గౌను ఇస్త్రీ చేస్తోంది. మర్నాడు ఫొటోలు తియ్యడానికి ఒప్పుకున్న ఇలోనా టీ తాగుతూ పక్కనే కూర్చుంది.

“ఎంత సన్నటి నారబట్టో!” అంది ఇలోనా.

“మా అమ్మ కుట్టింది. యుద్ధంలో బట్టకి కూపన్లు ఎక్కడివీ? నాన్న ఆఫీసు నుంచి తెచ్చిన బట్టట. అట్టలా బిగుసుకుని ఉంటే, ఉడకబెట్టి గంజి వదలగొట్టిందట. నా బాప్తిస్మమూ ఇందులోనే.”

బేసిల్ అప్పుడు పెట్టె అడుగురేకు ఊడబెరుకుతున్నాడు. ఆడవాళ్ళ బట్టల కబుర్లు వినే ఓపిక అతనికి లేదు.

“బాబాయ్!” హేజల్ కేకేసింది. “బాప్తిస్మంలో పాపని ఎత్తుకుని జ్ఞానతండ్రిగా ఉండాల్సినాయనకి వడదెబ్బ తగిలిందట. రేపు మీరు నిలబడరూ?”

కాదనడానికి కారణం వెతికాడు. నక్షాల్లాగే అదీ దొరకలేదు.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. కరువైనా పాస్టరు బాప్తిస్మపు రాతితొట్టిని నీళ్ళతో నిండా నింపించాడు. బేసిల్ చేతుల్లో పాప రోసలిండ్. పొడుగాటి తెల్ల గౌను అతని మోకాళ్ళ దాకా వేలాడుతోంది.

“సాతానునూ వాడి క్రియలనూ విసర్జిస్తున్నావా?”

“విసర్జిస్తున్నాను,” అన్నాడు బేసిల్. ఉద్యోగరీత్యా అది అంత తేలిక కాదు.

“కాస్త కిటికీ వైపు తిరగండి,” అంది ఇలోనా కెమెరా ఎత్తి. “గౌను పరిచి పట్టుకోండి. ఇంకొంచెం. ఆ అంచు మడత విప్పండి.”

బేసిల్‌కి విసుగొచ్చింది. పసిపిల్ల ఫొటో తీసేవాళ్ళు మొహం తీస్తారు. ఈవిడ కెమెరా పాప మోకాళ్ళు దాటి పైకి రావడం లేదు. ఏముందా అని కిందికి చూశాడు.

వెనక నుంచి ఎండ పడుతోంది. బట్ట లోపల సన్నటి లేతనీలం గీతలు. తీరం వంపు. చిన్న చిన్న సున్నాలు, పక్కన అంకెలు. విప్పిన మడతలో వెలిసిన ఎర్ర ముద్ర: అతి రహస్యం.

ఆఫీసు బట్ట. గంజి. ఉడకబెట్టడం. నక్షాలు గీసింది గంజి పట్టించిన నారబట్ట మీద! లోకమంతా కాగితాల కోసం వెతికింది. అవి బట్ట అని చెప్పే అనుమతి ఎవరికీ లేదు మరి.

చటుక్కున గౌను ముడిచాడు. ఇలోనా చిరునవ్వు చెరగలేదు. రెండో చేతిలో లిప్‌స్టిక్ గొట్టం మెరిసింది.

“వదిలెయ్ బేసిల్,” అంది పెదవి కదపకుండా. “ఇందులో ఒక్కటే తూటా. నా లెన్సుకి వెలిసిన సిరా కూడా కనిపిస్తుంది. ఒక్క క్లిక్కు, ఎవరి దారిన వాళ్ళం.”

“నువ్వు మా మనిషివి!”

“వారంలో మూడు రోజులే.”

గంట కొట్టే స్టబ్స్ వెనక వరసలో ఉన్నాడు. చేతుల్లో పిల్ల, ఎదురుగా తూటా. బేసిల్ గొంతెత్తి అరిచాడు. “వాన పడేలా లేదండీ!”

“ఏం చేస్తాం నాయనా,” నిట్టూర్చాడు స్టబ్స్. చర్చిలో సగం మంది గులాబీల గురించి గుసగుసలు మొదలుపెట్టారు. బేసిల్‌కి ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది.

ఇలోనా కెమెరాతో ఇంకాస్త ముందుకు వంగి, మీట మీద వేలు పెట్టింది. ముత్యాల దండ పాప మొహం మీద ఊగింది. రోసలిండ్ రెండు చేతులా దాన్ని పట్టుకుంది. ఉడుంపట్టు. ఇలోనా మెడ వంగిపోయింది, గొట్టం జారి కిందపడి పేలింది, తూటా తగిలి చర్చి వాద్యం ఆర్గన్ దున్నపోతులా రంకె వేసింది. అదే అదనుగా బేసిల్ ఒంటిచేత్తో కెమెరా లాక్కుని, మూత తెరిచి తొట్టిలో ముంచాడు.

“ముందు పాపకనుకున్నానే!” అన్నాడు పాస్టరు.

ఇలోనాని గుమ్మం దగ్గర స్టబ్స్ గంటతాడుతో కట్టేశాడు. “మీరు నిజంగా వాన గురించే అన్నారనుకున్నాను సార్,” అని నసిగాడు.

పక్కగదిలో బేసిల్ హేజల్‌కి, తను బాబాయ్ కాడన్న సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె మొహం జేవురించింది.

“ఐదు ఉత్తరాలు రాశాను! ఒక్కటీ చదవలేదు. నా ఇంట్లో తిని, నా పొగగొట్టంలో దూరి, ఇప్పుడు మా అమ్మ చేతికుట్టు పట్టుకుపోతారా? నాన్న వాటిని కాల్చెయ్యలేదా అసలు?”

“కాల్చేశానని సంతకం పెట్టాడమ్మా.”

హేజల్ గౌను ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. “అమ్మ అంటూ ఉండేది, మీ నాన్న జన్మలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అది నువ్వు తొడుక్కున్నావు అని. ఇన్నేళ్ళూ నాకు అర్థం కాలేదు బాబాయ్.”

బాబాయ్ అన్న మాట ఆమె మానలేదు. అది అతనికి తూటా కన్నా సూటిగా తగిలింది.

టెలిఫోనులో కల్నల్ ఒక్క ముక్కే చెప్పాడు. “కాల్చెయ్. సంతకం పెట్టు.”

ఆ సాయంత్రం హేజల్ వంటింట్లో పెద్ద గిన్నె పొయ్యెక్కింది. ముదురు నీలం రంగు సలసల కాగింది, గౌను అందులో మునిగింది. గౌను ఆరాక బేసిల్ ఇలోనా లెన్సు పెట్టి, కిటికీ వెలుగులో అంగుళం అంగుళం చూశాడు. ఒక్క గీత కనపడలేదు.

“కాల్చావా?” అడిగాడు కల్నల్ మర్నాడు.

“సంతకం పెట్టాను సార్.”

“చూశావా?”

“నాకు అనుమతి లేదు కదా సార్.”

ఆ ఇంటి పిల్లలకి ఈనాటికీ ముదురు నీలం గౌనులోనే బాప్తిస్మం. ఇదెక్కడి ఆచారమమ్మా అని కొత్త పాస్టరు ఎవరైనా అడిగితే, “చెబితే పద్నాలుగేళ్ళు జైలండీ,” అని హేజల్ వాన సంగతి ఎత్తుతుంది.