మూడు బెంచీలకు వినబడిన ప్రార్థన

సండే స్కూల్ ముగియడానికి ఇంకో పది నిమిషాలుంది. టీచరక్క సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర నిలబడింది.

"ఊఁ, ఈ వారం ఎవరెవరి కోసం ప్రార్థన చేద్దాం? ఒక్కొక్కరే చెప్పండి."

మొదటి బెంచీలో గడగడ చెయ్యి అప్పటికే గాల్లో ఉంది. బైబిలు వాక్యాలు ఆగకుండా అప్పజెప్పేస్తుందని పదేళ్ళ ఆ పిల్లకి అందరూ పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు.

అక్క మాత్రం చివరి బెంచీ నుంచి మొదలుపెట్టింది. ఒకడు వాళ్ళ తాతయ్య మోకాళ్ళ నొప్పులు చెప్పాడు. ఒకమ్మాయి లెక్కల పరీక్ష చెప్పింది. ఇంకొకడు తప్పిపోయిన కుక్కపిల్ల సంగతి చెబితే అందరూ "అయ్యో" అన్నారు.

గడగడ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. తను చెబుదామనుకున్నవి మోకాళ్ళూ, పరీక్షే. రెండూ అయిపోయాయి! వాక్యాలన్నీ నోటికి వచ్చిన భక్తిగల పిల్ల "ఏమీ లేదక్కా" అంటే ఏం బాగుంటుంది?

అక్క తనవైపు తిరగగానే లేచి నిలబడింది. గొంతు కూడా ప్రార్థనకి తగ్గట్టు మెత్తగా పెట్టింది.

"మన పిచ్చుక కోసం ప్రార్థన చెయ్యాలక్కా. దానికి చదవడం సరిగ్గా రాదు. అక్షరాలు గెంతుతున్నట్టు కనిపిస్తాయంట. ఇంట్లో ఇంకా ఒకటో తరగతి పుస్తకమే చదువుకుంటోంది. వచ్చే ఆదివారం చర్చిలో అందరి ముందూ వాక్యం చదవాలి కదా, పాపం!"

వెనక బెంచీలో లంబూ కిసుక్కున నవ్వాడు. "ఒకటో తరగతా!"

పిచ్చుక రెండో బెంచీలోనే ఉంది. మనిషి చిన్నగా, చురుగ్గా ఉంటుందనే ఆ పేరు. ఆ చురుకంతా ఒక్క క్షణంలో ఎటో పోయింది. ముఖం పాలిపోయింది. ఆ సంగతి ఆమె ఈ లోకంలో గడగడ ఒక్కదానికే చెప్పింది. ఒట్టు కూడా వేయించుకోలేదు, అంత నమ్మకం. సంచీ తీసుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

టీచరక్క ఆ మాట బోర్డు మీద రాయలేదు. "అది పిచ్చుక చెప్పుకోవాల్సిన మాట," అని మాత్రం అంది.

గడగడ పరుగెత్తుకుంటూ పిచ్చుక వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు వేసి ఉంది.

"నేను చదవను. వేరేవాళ్ళని పెట్టుకోమని అక్కకి చెప్పేస్తా. నువ్వు పో," అంది పిచ్చుక లోపలి నుంచే.

"నీ కోసం ప్రార్థన చేస్తారనే కదే చెప్పాను!"

జవాబుగా గడియ పడిన చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం గడగడ మూతి ముడుచుకుని నాన్న మందుల షాపులో కూర్చుంది. నాన్న ఒకావిడకి మందులు కాగితం కవర్లో వేసి, దాని మూతి రెండు మడతలు పెట్టి ఇచ్చాడు.

"ఆ కవర్లో ఏమున్నాయి నాన్నా?"

"మందులు."

"ఏం మందులు?"

"ఆవిడ మందులు," అన్నాడు నాన్న.

గడగడ పొద్దున జరిగిందంతా చెప్పింది. "నేను చెప్పింది ప్రార్థన కోసమేగా నాన్నా! తప్పేంటి?"

"దేవుడికి చెప్పడానికి మూడు బెంచీలకి వినబడాలా తల్లీ?"

గడగడ ముఖం చిన్నబోయింది. "మరి నువ్వు ఎవరి కోసమూ ప్రార్థన చెయ్యవా?"

"రోజూ షాపు షట్టర్ ఎత్తే ముందు చేస్తాను. ఎవరి జబ్బేంటో నాకు తెలుసు, ఆయనకి తెలుసు. మూడోవాళ్ళకి ఏం పని?" నాన్న కూతురి వైపు వంగాడు. "సరే, నిజం చెప్పు. పిచ్చుక కోసమే చెప్పావా?"

గడగడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కాదు. నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అందుకని దానిది చెప్పేశాను."

తన మీద తనకే అసహ్యం వేసింది. కాసేపు వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత గౌను అంచుతో ముక్కు తుడుచుకుని లేచింది.

"విన్నవాళ్ళు టీచరక్కతో కలిపి పదకొండు మంది నాన్నా. పదకొండు మంది దగ్గరికీ వెళ్తాను."

"పిచ్చుక చదువు సంగతి మళ్ళీ ఎత్తుతావా?"

"ఎత్తను. నా తప్పు సంగతే చెబుతాను."

అన్నట్టుగానే సోమవారం నుంచి మొదలుపెట్టింది. ఒకమ్మాయి బస్సు ఎక్కబోతుంటే మెట్టు దగ్గర పట్టుకుంది. ఒకడు పన్ను పీకించుకుని నోట్లో దూది పెట్టుకుని ఉంటే, ఇదే మంచి సమయమని, వాడికి ఎదురు మాట్లాడే వీలు లేకుండా చెప్పేసి వచ్చింది. అందరితో ఒకే మాట: "స్నేహితురాలు నన్ను నమ్మి చెప్పింది నేను బయటపెట్టాను. తప్పు చేశాను. ఆ మాట మీ దగ్గరే ఆపెయ్యండి."

లంబూ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "అయితే నేను నవ్వకూడదా?"

"నవ్వాలంటే నన్ను చూసి నవ్వు. నోరు అదుపులో పెట్టుకోలేనిది నేనే."

లంబూ బుర్ర గోక్కున్నాడు. అటూ ఇటూ చూసి, వంగి, తన రహస్యం ఒకటి ఆమె చెవిలో చెప్పాడు. అదేంటో గడగడ ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. ఈ కథ రాస్తున్న నాకు కూడా చెప్పలేదు, ఎంత బతిమాలినా.

రోజూ సాయంత్రం పిచ్చుక ఇంటికీ వెళ్ళింది. "పడుకుందమ్మా," అనేది వాళ్ళ అమ్మమ్మ. పడుకున్న మనిషి కాళ్ళు కర్టెన్ కింద నిలబడి కనిపించేవి. గడగడ "రేపు వస్తానమ్మమ్మా," అనేసి, మర్నాడు తప్పకుండా వచ్చేది.

శుక్రవారం తలుపు పిచ్చుకే తీసింది.

"లంబూ వచ్చి సారీ చెప్పాడు. నువ్వు పంపావా?"

"లేదే. నేను నా సంగతి చెప్పుకోవడానికి వచ్చాను. ఆ రోజు నీ మీద జాలితో చెప్పలేదు. గొప్ప కోసం చెప్పాను. క్షమించు."

పిచ్చుక గుమ్మంలోనే నిలబడి ఆలోచించింది. "నాకింకా కోపం పోలేదు. అయినా ఆదివారం చదువుతాను. అక్కకి కూడా చెప్పేశాను. కానీ ఒక్కటి. మధ్యలో ఆగిపోతే నువ్వు అందించకూడదు. బైబిలంతా నీ నాలుక చివరే ఉంటుంది."

"అందించను."

ఆదివారం చర్చి నిండిపోయింది. పిచ్చుక బైబిలు పెట్టిన బల్ల అందేలా పీట మీద నిలబడి, వాక్యం కింద వేలు పెట్టి, ఒక్కో మాటా మెల్లగా చదివింది. నాలుగో వరుసలో ఆగిపోయింది.

"దీ... దీర్..."

ఎవరో దగ్గారు. గడగడకి ఆ మాట తెలుసు, ఓర్పు అని దాని అర్థమూ తెలుసు. "దీర్ఘశాంతము" అని నాలుక చివరిదాకా వచ్చేసింది. పెదాలు బిగించింది. పక్కన లంబూ నోరు తెరవబోతే వాడి చొక్కా చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. మౌనం ఎంత బరువుగా ఉంటుందో ఆ పిల్లకి ఆ రోజే తెలిసింది.

వెనక కూర్చున్న ఆంటీ ముందుకు వంగింది. "నీ ఫ్రెండేగా? ఏమైంది ఆ పాపకి? చదవడం రాదా?"

"చదువుతోంది ఆంటీ," అంది గడగడ. "వినండి."

పీట మీద నిలబడ్డ పిచ్చుక వేలు ఆ మాట మొదటికి వెళ్ళింది. మళ్ళీ మొదలుపెట్టింది.