మోకాళ్ళ దాకా బురద

పొద్దున్నే ఇంట్లో కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, జనార్దనం కొత్త బియ్యం అరచేతిలో పోసుకుని నూకలు చూస్తున్నాడు. మద్రాసు సౌకార్‌పేటలో బియ్యం మండీ అతనిది. సరుకైనా మనిషైనా పైకి కనిపించేదానికే ధర పలుకుతుందని అతని నమ్మకం. ఇంతలో ఎదురు మండీ వెంకటసుబ్బారావు ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, మీ అమ్మ జమీందారు బిడ్డంటివే! ఇటలీలో బురదలో నిలబడి ఉందే! మీ ఆశ నెట్‌లో పెట్టిన ఫొటో నా కోడలు చూపించింది. బజారంతా చూస్తా ఉండారులే."

బియ్యం నేలపాలయ్యాయి.

"ఆశా!"

ఉత్తర ఇటలీలో వరి పండించే ఓ చిన్న ఊళ్ళో, మ్యూజియంలో పని చేస్తున్న కూతురు సెలవుకి వచ్చి ఉంది.

"ఏందే ఇది? నా పరువు తీసుకుపోయి ఆ ఊళ్ళో వేలాడదీస్తివా?"

"ఆ ఊరు బతికిందే వరి మీద నాయనా. అప్పట్లో ఆడోళ్ళు రైళ్ళెక్కి వచ్చి, నీళ్ళలో వంగి కలుపు తీసి, ఒక కొట్టంలో పడుకునేవాళ్ళంట. ఆ కొట్టమే ఇప్పుడు మ్యూజియం. గోడల నిండా వాళ్ళ ఫొటోలు, పేర్లతో సహా. మనవళ్ళు వచ్చి ‘మా అవ్వ’ అని చూపించుకుంటారు. వేరే దేశాల వాళ్ళవీ పెడతామంటే మన అవ్వది ఇచ్చినా."

"వాళ్ళకేం, బురద పూసుకున్నా గొప్పే! ఈడ సరుకు అరువడిగితే ముందు అడిగేది మీకెంత భూమి అని! ఫోన్ చెయ్. ఈ పూటే తీసెయ్యమను."

"చెయ్యను."

"అయితే ఈ ఇంట్లో నీకు..."

"మెల్లగా మాట్లాడండీ, పక్కింటోళ్ళు వింటారు" అంటూ భార్య పంకజం వంటింట్లోంచి వచ్చింది.

"విననీ! బజారే చూసేసినాక పక్కిల్లెంత?"

ఆ ఫొటోనే మండీ గోడ మీదా ఉంది. పొన్నేరి పొలాల్లో అతని తల్లి తాయారు కూలికి నాట్లు వేస్తుంటే ఎవరో తీశారు. మండీ పెట్టిన కొత్తలో జనార్దనం దాని నకలు స్టూడియోలో తీయించి, ఛాతీ కింద కత్తిరించి, పట్టుచీర, కాసులపేరు రంగుల్లో వేయించాడు. ఆ కాసులపేరు చూసే చాలామంది అతనికి అరువిచ్చారు.

"దాని మీద అరుస్తావేంరా? ఫొటో ఇచ్చింది నేను."

వాకిట్లోంచి తాయారు.

"నువ్వా! నీ గౌరవం కోసమే కదమ్మా నేను..."

"నాకా గౌరవం? నన్ను నరికి, ఆ ముక్కకి నగలేసి అంగట్లో నిలబెడితివి. దానికి పూలు, అగరొత్తులు. నేనొస్తే మాత్రం ఎనక తలుపు. ఎవురన్నా కాళ్ళు చూస్తారని!" ముసలామె రెండు కాళ్ళూ ముందుకు చాపింది. నీళ్ళలో నాని పుచ్చిన గోళ్ళు, వంకరపోయిన వేళ్ళు. "ఆ ఫొటో నాటికి నువ్వు నా కడుపులో ఉండావురా. నాతో పాటు నిన్ను కూడా కోసి పారేస్తివి."

జనార్దనం ఆశ చేతిలో ఫోన్ లాక్కుని చూశాడు. మోకాళ్ళ దాకా బురద. చేతిలో నారుకట్ట. దాని వెనక, చీర కింద, ఎత్తుగా కడుపు. ఇన్నేళ్ళూ పైకి కనిపించింది అమ్ముకుని, అసలు సరుకు చెత్తలో పోశాడు. కళ్ళు మసకబారాయి.

మళ్ళీ వెంకటసుబ్బారావే ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, పలకవేం? అది నిజంగా మీ అమ్మేనా?"

"మా అమ్మే!" జనార్దనం గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "అందులో నేనూ ఉండాను. సరిగ్గా చూడు!"

ఈసారి పంకజం ‘మెల్లగా మాట్లాడండీ’ అనలేదు.