ఎనిమిది దాకా లెక్కపెట్టే గది

గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో, తెల్లగుట్లపాడు దాటాక, మూతపడ్డ నాపరాళ్ల గని పక్కన ఒక ఒంటిగది ఉండేది. గుమాస్తా గది అనేవాళ్ళు. పొద్దుగూకితే ఆ దారిన మనిషి పోయేవాడు కాదు. బస్సు డ్రైవర్లు అక్కడికొచ్చేసరికి హారను మీద నుంచి చెయ్యి తీసేవాళ్ళు కాదు.

ఊరికే చెడలేదు దాని పేరు. ఒకనాడు, పేలకుండా మిగిలిపోయిన మందు ఉన్న గుంతలోకి గుమాస్తా ఎనిమిది మంది కూలీల్ని దింపాడు. మందు అప్పుడు పేలింది, ఎనిమిది మందీ పోయారు. ఆ రాత్రే గుమాస్తా ఆ గదిలో దూలానికి ఉరేసుకున్నాడు. మా పల్నాడులో ఏ ఇంటి నేల చూసినా నాపరాయే. అది తీసినవాళ్ళు ఏమయ్యారని అడిగినవాణ్ణి నేను చూడలేదు. సరే, అది వేరే సంగతి.

అరవై మూడో సంవత్సరం జనవరిలో ఆ గది మాట్లాడ్డం మొదలుపెట్టింది.

ముందు విన్నది కట్టెలకు పోయిన పిచ్చమ్మ. ఊరందరికీ చెవిలో చెప్పింది.

"తెలుగు కాదమ్మా... ఉర్దూ కాదు... దొరల మాటా కాదు. కానీ లెక్కే. మా మేస్త్రి కూలీల్ని లెక్కేసే బాణీ. ఎనిమిది మాటలు — ఆగుద్ది. మళ్ళీ ఎనిమిది..."

ఎనిమిది! ఊరు వణికింది.

వణకనిది ఐజాక్ ఒక్కడే. అతనికి దెయ్యాల మీద భయం లేదు. మనుషుల మీద కోపం మాత్రం చానా ఉంది.

మిషన్ బడి ఏలియా పంతులుగారి కొడుకు ఐజాక్. యాభై ఏడులో చైనాలో చదువుకోవడానికి స్కాలర్‌షిప్పు వచ్చింది. రైలెక్కిన రోజు బంతిపూల దండలేమిటి, బ్యాండుమేళమేమిటి, హిందీ చీనీ భాయీ భాయీ అని కేకలేమిటి! పెకింగులో ఏడాది భాష నేర్చుకున్నాడు, నాలుగేళ్ళు రేడియో, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివాడు. వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, గంజిలాంటి పులుసు తాగి, తీగలు అతికాడు. ఆఖరి పరీక్షకి సొంత చేత్తో ఒక ట్రాన్సిస్టరు తయారుచేశాడు. అరవై రెండు ఆగస్టులో తిరిగొచ్చాడు. అక్టోబరులో యుద్ధమొచ్చింది.

దండలేసిన వాళ్ళే అతను ఎదురైతే వీధి మారారు. హెడ్ కానిస్టేబులు త్రికోటేశ్వరరావు వచ్చి ట్రాన్సిస్టరూ, నోటుపుస్తకాలూ పట్టుకుపోయాడు.

ఇప్పుడు నరసరావుపేటలో ఒక ఉద్యోగం పడింది. పంచాయితీ రేడియోలు చూసే ఇంజనీరు పని. ఫలానా రోజు పదింటికి హాజరు కావాలి — ఇతని మీద ఏ అనుమానమూ లేదని పోలీసులు రాసిచ్చిన కాయితంతో. అది రాయాల్సింది త్రికోటేశ్వరరావే. ఏ ఉద్యోగానికైనా అడుగుతారని ఆ కాయితం కోసం నాలుగు నెలలుగా తిరుగుతుంటే ఆయన చెప్పేది ఒకటే మాట.

"నీ సెట్టు గుంటూరు పోయిందయ్యా. అక్కణ్ణించి కబురు రానీ. రేపు రా."

రేపులన్నీ అయిపోయాయి. ఆ రోజు రానే వచ్చింది. రెండు రోజులు గడువన్నా అడుగుదామని ఐజాక్ కాయితం లేకుండానే బయల్దేరాడు. నాలుగుంబావుకి మొదటి బస్సు.

"గని దారిన పోబాక నాయనా," అంది తల్లి రాజమ్మ. "చుట్టూ తిరిగి పో."

"చుట్టూ తిరిగితే బస్సు పోద్దమ్మా."

చీకటి. మంచు. తన చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గది దగ్గరికొచ్చాడు... దాటబోయాడు...

"ఈ... అర్... సాన్... స్స..."

ఆగాడు.

"ఊ... ల్యూ... చీ... పా..."

ఎనిమిది. ఆగింది. మళ్ళీ మొదలైంది.

పిచ్చమ్మకి అర్థం కాలేదు కాబట్టి పిచ్చమ్మ పరుగెత్తింది. అతనికి అర్థమైంది! ఒకటి... రెండు... మూడు... నాలుగు... ఈ తాలూకాలో ఇంకెవరికీ తెలియని భాషలో, తనొక్కడి కోసమే ఎవరు లెక్కపెడుతున్నట్టు?

అప్పుడు ఆ లెక్క వెనక సన్నగా పియానో వినిపించింది.

అయిదేళ్ళు రోజూ పొద్దున్నే హాస్టలు మైకులో విన్న పియానో. మంచులో మూడువేల మంది ఒక్కసారిగా చేతులెత్తేవాళ్ళు దానికి. అక్కడ ఇప్పుడు ఆరున్నర.

భయం పోయింది. వచ్చింది భయం కంటే పెద్దది. తలుపు ఒక్క తోపు తోశాడు.

లాంతరు. కంబళి కప్పుకున్న మనిషి. అతని ముందు — ఐజాక్ ట్రాన్సిస్టరు.

"ఎవడ్రా!" హెడ్డు గొంతు కీచుమంది. "...ఓర్నీ, పంతులుగారబ్బాయా! గుండె ఆగిపోయిందయ్యా."

"గుంటూరు పోయిందన్నారు?"

"అరవబాక. ఇది రహస్యం." గొంతు తగ్గించాడు. "ఠాణాలో పెడితే నలుగురూ వింటారని ఇక్కడ పెట్టా. మీ చైనావాళ్ళు రోజూ ఇదే టయానికి కోడు పంపుతున్నారు. రెండు పుస్తకాలు రాసి పైకి పంపా. ఇది మూడోది."

ఐజాక్ పుస్తకం లాక్కున్నాడు. పేజీలకు పేజీలు, గుండ్రటి తెలుగు అక్షరాల్లో — ఈ అర్ సాన్ స్స.

"ఇక్కడ చూడు," అన్నాడు హెడ్డు ఉత్సాహం ఆపుకోలేక. "రెండో వరసలో మొదటి మాట మారింది. మూడో వరసలో మళ్ళీ మారింది. గుట్టంతా అక్కడే ఉంది."

"అది ఎన్నో విడతో చెప్పడం హెడ్డుగారూ. మిగతాది అంకెలు. ఇది కసరత్తు! బళ్ళో డ్రిల్లు!"

హెడ్డు పుస్తకం తిరిగి లాక్కుని, పెన్సిలు నాలిక మీద తడిపాడు. "కోడు అర్థం... తనకు... తెలుసునని... ఒప్పుకున్నాడు..."

ఐజాక్ ఆ పెన్సిలునే చూశాడు. తనొక్కడే నిజం చెప్పగలడు. చెప్తే తనే దొంగ.

"డ్రిల్లని పైకి రాయండి."

"రాస్తే నా ఉద్యోగం ఊడుద్దిరా! రెండు పుస్తకాలు డ్రిల్లు రాసి పంపానా నేను? ఆర్నెల్లు ఆగు. అందరూ మర్చిపోతారు."

ఆర్నెల్లు!

దూరంగా హారను... ఆపకుండా.

ఐజాక్ సెట్టు తీసుకుని బయటికి నడిచాడు. సౌండు మీట చివరిదాకా తిప్పి నడిరోడ్డు మీద పెట్టాడు. దాని వెనక నిలబడి చేతులు పైకెత్తాడు.

"ఈ! అర్! సాన్! స్స!"

బస్సు దీపాలు మీద పడ్డాయి. చేతులు దించలేదు. బస్సు కీచుమంటూ బారెడు దూరంలో ఆగింది. లోపల "ప్రభువా!" అని ఒకావిడ, "అల్లా!" అని ఇంకొకరు. డ్రైవరు మౌలాలీ నెమ్మదిగా తల బయటపెట్టాడు.

"ఐజాకన్నా... ఇదేనా దెయ్యం?"

"ఇదే. ఏం చెప్తుందో హెడ్డుగారిని అడుగు."

కంబళి ఈడ్చుకుంటూ పరుగెత్తుకొచ్చిన హెడ్డు వెలుగులో ఆగిపోయాడు. ముప్ఫై మొహాలు ఆయన్నే చూస్తున్నాయి. కోడని అంటే, శత్రువు మాటలు చీకట్లో దాక్కుని వింటున్న పోలీసు తనే.

"డ్రిల్లు," అన్నాడు.

"వెనక సీటుకి వినపళ్ళా!" ఎవరో అరిచారు.

"డ్రిల్లయ్యా బాబూ! కసరత్తు!"

బస్సంతా నవ్వింది. ఐజాక్ నవ్వలేదు. హెడ్డు చేతిలో పుస్తకం తీసుకుని, తెల్లపేజీ తిప్పి, బానెట్టు మీద పెట్టాడు.

"ఆ మాటే రాయండి. నామీద అనుమానం లేదని కూడా."

హెడ్డు రాశాడు. మౌలాలీ, కండక్టరు సాక్షులుగా సంతకాలు చేశారు.

"తేదీ ఏం వెయ్యను?"

"నవంబరు ఇరవై. ఈ కాయితం కోసం మీ గడప మొదటిసారి తొక్కిన రోజు."

"చెల్లదురా. ఇవాళ మార్చి..."

"తెలుసు. ముందు అది వెయ్యండి. తర్వాత కొట్టేసి ఇవాళ్టిది వేద్దురుగాని." ఐజాక్ వంగి ఆయన చెవిలో అన్నాడు. "ఒక్క గీత చాలు. కొట్టేసింది కనపడాలి."